‘మధ్యప్రాచ్యం’ అని రాయడం సబబేనా? పటం నేర్పిన తూర్పు పడమరలపై చర్చ

వార్తల బల్ల:
నేను ఒక దినపత్రికలో అనువాద విభాగంలో పనిచేస్తున్నాను. ఇరాక్, సిరియా వంటి దేశాల గురించి ఏజెన్సీ వార్తల్లో ‘మిడిల్ ఈస్ట్’ అని వచ్చినప్పుడు మాలో ఒకరు ‘మధ్యప్రాచ్యం’ అనీ, మరొకరు ‘పశ్చిమాసియా’ అనీ రాస్తారు. ఒకే పేజీలో రెండూ అచ్చయిన రోజులున్నాయి. ప్రాచ్యమంటే తూర్పు. అరేబియా సముద్రానికి ఆవల, మనకు నికరంగా పడమట ఉన్న నేలను తెలుగు పాఠకుడికి తూర్పని చెప్పడమేమిటి? లండన్‌లోని గ్రీనిచ్‌ను నడుమ నిలిపిన ప్రపంచ పటమే మనకు ఈ అలవాటు చేసిందని, కాబట్టి ఆ మాటను వదిలేయాలని నా అభిప్రాయం.

భూగోళం మాస్టారు:
మాటను వదిలేయడానికి నాకు అభ్యంతరం లేదు గాని, నేరాన్ని పటం మీద మోపడం ఒప్పుకోలేను. గ్రీనిచ్ సున్నా రేఖాంశమైంది 1884లో, వాషింగ్టన్‌లో జరిగిన సమావేశంలో. హాజరైన 25 దేశాల్లో 22 అనుకూలంగా ఓటు వేయగా, ఫ్రాన్స్ తటస్థంగా ఉండిపోయి 1911 దాకా పారిస్ రేఖనే పట్టుకుని వేలాడింది. ఆసియాను తూర్పు అనడం యూరప్‌లో అంతకు ఎన్నో శతాబ్దాల ముందునుంచే ఉంది. మధ్యయుగపు యూరప్ పటాల్లో చాలావాటికి తూర్పే పైభాగం. 1154లో అరబ్ భూగోళవేత్త అల్ ఇద్రీసీ పూర్తిచేసిన పటానికి దక్షిణం పైభాగం. కాగితాన్ని ఎటు తిప్పి పట్టుకున్నా యూరప్ వారి తూర్పు తూర్పుగానే ఉంది. ‘మిడిల్ ఈస్ట్’ను 1902లో ప్రచారంలోకి తెచ్చిన ఆల్ఫ్రెడ్ మహాన్ అమెరికా నౌకాదళ వ్యూహకర్త, ఆయన దృష్టి పర్షియన్ సింధుశాఖ మీద, ఇండియాకు వచ్చే దారి మీద ఉంది.

మన మాటలు మాత్రం ఏం తక్కువ? పొద్దు పొడుపుకు ఎదురుగా నిలబడితే ముందున్నది పూర్వం, వెనుకనున్నది పశ్చిమం, కుడిచేతి వైపుది దక్షిణం. ‘పాశ్చాత్యులు’ అంటే మాట ప్రకారం మన వీపు వెనుకవారు! మన ప్రాచీన ఖగోళ గ్రంథం సూర్యసిద్ధాంతం ఉజ్జయిని మీదుగా పోయే రేఖనే మూలంగా పెట్టుకుని, రోమకమనే నగరాన్ని 90 డిగ్రీలు పడమటా, యమకోటి అనే నగరాన్ని 90 డిగ్రీలు తూర్పునా ఉంచింది. నడుమ కూర్చోవాలన్న కోరిక ఒక్క లండన్‌ది కాదు.

డల్లాస్ నుంచి:
మాస్టారూ, పటానికి నడుమ ఏముందన్న దానికంటే అంచు ఎక్కడ తెగిందన్నదే అసలు సంగతని నాకనిపిస్తుంది. ఇక్కడ మా అబ్బాయి గది గోడకున్న పటంలో అమెరికా ఖండాలు నడుమన ఉన్నాయి, అందువల్ల ఆసియా రెండు ముక్కలై చెరో అంచుకూ అతుక్కుంది. మనం చదువుకున్న పటంలో పసిఫిక్ మహాసముద్రానికి ఆ గతి పట్టింది.

ఒక చిన్న లెక్క చూడండి. హైదరాబాద్ సుమారు 78.5 డిగ్రీల తూర్పు రేఖాంశంపై ఉంది కనుక, భూగోళంపై దానికి సరిగ్గా అవతలి వైపు, అంటే 180 డిగ్రీల దూరంలో ఉన్న రేఖ 101.5 డిగ్రీల పడమర. అది టెక్సాస్ పశ్చిమ భాగం మీదుగా పోతుంది. నేనుండే డల్లాస్ ఆ గీతకు ఈవల ఉంది, అంటే హైదరాబాద్‌కు పడమటే. మా తమ్ముడుండే శాన్‌ఫ్రాన్సిస్కో మాత్రం హైదరాబాద్ నుంచి పడమటి వైపుగా లెక్కిస్తే 201 డిగ్రీలు, తూర్పు వైపుగా లెక్కిస్తే 159 డిగ్రీలే. ఆ లెక్కన వాడు తూర్పుదేశపు వాడు! మా అమ్మకు మాత్రం ఇద్దరమూ పడమటి దేశంలోనే ఉన్నాం. ఇక విమానం ఈ రెండు మాటలూ వినదు. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఎయిర్ ఇండియా విమానం ఉత్తర ధ్రువం మీదుగా వచ్చింది.

భూగోళం మాస్టారు:
అంచు విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. జపాన్ నుంచి అమెరికాకు ఎటు వెళ్లాలని తరగతిలో అడిగినప్పుడల్లా చేతులన్నీ పటంలో ఎడమవైపే చూపించేవి. గ్లోబు తెచ్చి తిప్పితే గాని నమ్మేవారు కారు. అయినా ఒక్కటి ఆలోచించండి. సిడ్నీ 151 డిగ్రీల తూర్పున, టోక్యో 140 డిగ్రీల దగ్గర ఉండగా, ఆస్ట్రేలియాను పాశ్చాత్య దేశమంటున్నాం. మొరాకో రాజధాని రబాత్ లండన్‌కు పడమట ఉంది, అరబ్బీలో ఆ దేశం పేరుకు అర్థమే పడమర. అయినా దానిని ప్రాచ్య ప్రపంచంలో కలిపేవారున్నారు. పటం చెప్పినట్టే వింటే ఇలా జరగదు కదా?

వార్తల బల్ల:
మాస్టారి మాటతో నా మొదటి వాదన సగం వీగిపోయిందని ఒప్పుకోక తప్పదు. అయితే పేరు ఎవరు పెట్టినా, పటం దానికి గోడ మీద చోటిచ్చి అది ప్రకృతి సహజమన్నట్టు కనిపించేలా చేస్తుందన్న సగాన్ని మాత్రం వదులుకోను. మన విదేశాంగ శాఖ పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా అని విడదీసి చెబుతుంది. ఇకమీదట నేనూ అదే పాటిస్తాను. ‘ఆసియా’ అన్నది గ్రీకుల మాటే గదా అని ఎవరైనా అంటే నా దగ్గర జవాబు లేదు. ఇక కైరో నుంచి వచ్చిన వార్తను పశ్చిమాసియాలో వేయలేను, అది ఆఫ్రికా; అక్కడ ‘ఈజిప్టు’ అనే రాస్తాను.