వినపడే తిట్లు ఆగిపోయాయి గానీ తమ్ముడు మరీ మౌనం అయిపోయాడు, ఏం చేయాలి?

రాయగడ_అక్క:
నమస్తే అందరికీ. మాది ఒడిశాలోని రాయగడ, ఇంట్లో తెలుగే. తమ్ముడికి 22. పోయినేడు డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉండగా ఎవరో చెవిలో తిడుతున్నారని, ఫోన్లోంచి చూస్తున్నారని మొదలైంది. గాలి సోకిందని గుణియా (భూతవైద్యుడు) దగ్గరికి తిప్పాం, మజ్జిగౌరమ్మకి మొక్కుకున్నాం, నాలుగు నెలలు అలా పోయాక విశాఖ తీసుకెళ్తే స్కిజోఫ్రెనియా అన్నారు, ఇరవై రోజులు ఉంచుకుని పంపారు. ఇంటికొచ్చి రెండు నెలలు, ఇప్పుడేం వినపడట్లేదంటాడు. అమ్మ నెమ్మదించాడని సంబరపడుతోంది. నాకు మాత్రం భయంగా ఉంది. రోజంతా గోడవైపు తిరిగి పడుకుంటాడు, నా వల్ల మీకు అప్పులు అంటాడు. మొన్న ఎవర్నీ ముట్టుకోనివ్వని క్రికెట్ బ్యాట్‌కి కొత్త గ్రిప్ చుట్టి మరీ పక్కింటి పిల్లాడికి ఇచ్చేశాడు. ఎందుకురా అంటే "ఇంక నాకెందుకక్కా" అన్నాడు. డిశ్చార్జ్ రోజు మందులు ఎలా వేయాలో చెప్పారు గానీ ఇలా ఉంటుందని ఎవరూ చెప్పలేదు. చావాలనుందా అని అడిగితే లేని ఆలోచన నేనే పెట్టినట్టవుతుందేమోనని నోరు రావట్లేదు.

పర్లాకిమిడి_అన్న:
చెల్లీ, ఈరోజే అడుగు. అడిగితే ఆలోచన పుట్టదమ్మా, ఉన్నది బయటికొస్తుంది. మా బావమరిది కూడా ఇలాగే తన వాచీ, బండి పంచేశాడు, మేం పోన్లే మనసు మారింది అనుకున్నాం. దేవుడి దయ, బతికాడు. ఆ రోజు మేం అడక్కపోవడం ఇప్పటికీ నన్ను తినేస్తుంది.

బరంపురం_నర్సు:
మానసిక వార్డులో చేస్తాను కాబట్టి వివరంగా రాస్తున్నా. ఈ జబ్బున్నవాళ్లలో వందకి ఇంచుమించు 5 గురు ఆత్మహత్యతో పోతారని లెక్కలున్నాయి, అందులో ఎక్కువ మంది జబ్బు బయటపడ్డ తొలి ఏళ్లలోనే. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన తొలి వారాలు, నెలలు బాగా జాగ్రత్తగా ఉండాల్సినవి. చెవిలో వినపడే మాటలు తగ్గి తెలివొచ్చాక తనకేమైందో తెలుస్తుంది కదా, ఆ బరువు అప్పుడే మీద పడుతుంది. చురుకుదనం, ముఖంలో కళ తగ్గడం జబ్బు వల్లా రావచ్చు, మందు మత్తు వల్లా రావచ్చు. కానీ నా వల్లే అప్పులు అనుకోవడం, ఆశ లేకపోవడం, ఇష్టమైనవి ఇచ్చేయడం డిప్రెషన్ వైపే చూపిస్తాయి. ఈ రెండూ వేరు చేయడానికే 9 ప్రశ్నల కాల్గరీ స్కేల్ ఉంది, డాక్టర్ని డిప్రెషన్ కూడా చూడమని గట్టిగా అడుగు. కాళ్లు నిలవక అటూఇటూ తిరుగుతుంటే అదీ చెప్పు, కొన్ని మందులతో ఆ నరకం వస్తుంది, డోసు మారిస్తే తగ్గుతుంది. సొంతంగా మాత్రం ఆపొద్దు. చనిపోవాలన్న ఆలోచనలు పోకపోతే క్లోజాపైన్ అని ఒక మందు ఉంది, మొదటి 18 వారాలు వారం వారం రక్త పరీక్ష ఉంటుంది గానీ ఈ ప్రమాదాన్ని తగ్గిస్తుందని రుజువైన మందు. ఈలోగా మాత్రలు, పురుగుల మందు తాళంలో పెట్టి తాళం నీ దగ్గర ఉంచుకో. అవునన్నాడంటే ఒంటరిగా వదలొద్దు, అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, నేరుగా క్యాజువాలిటీకే. 14416 టెలి మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఫ్రీ, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. పోలీసు కేసవుతుందని కొందరు దాస్తారు, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చాక ఆ భయం అక్కర్లేదు.

గుణుపురం_కుర్రోడు:
నాకే ఉంది ఈ జబ్బు, ఆరేళ్లయింది. తిట్లు ఆగిన రోజు ఇల్లంతా ఒక్కసారి చడీచప్పుడు లేనట్టయింది, అప్పుడు లెక్క చూసుకున్నా, పోయిన పరీక్షలు, నాన్న అమ్మేసిన ఎకరం, ఫోన్ ఎత్తని ఫ్రెండ్స్. ఇంట్లోవాళ్లు బాగయ్యావు కదా ఉద్యోగం చూస్కో అనేవారు, ఆ మాట విన్నప్పుడల్లా గొంతు పట్టేసేది. డాక్టరు డిప్రెషన్‌కి ఇంకో మాత్ర కలిపారు, మా చిన్నాన్న రోజూ అయిదింటికి టీ కొట్టుకి తీసుకెళ్లేవారు, ఏమీ అడిగేవారు కాదు. ఆ అయిదింటి కోసమే కొన్నాళ్లు లేచాను. అక్కా, తమ్ముడికి బాగయ్యావని చెప్పకండి, ఇంకా కష్టంగా ఉందా అని అడగండి.

రాయగడ_అక్క:
నిన్న రాత్రి కరెంటు పోయినప్పుడు డాబా మీద అడిగేశాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "అవునక్కా, రోజూ" అన్నాడు, ఇద్దరం ఏడ్చేశాం. రాత్రంతా పక్కనే కూర్చున్నాను. పొద్దున్నే 14416కి కలిపితే వాడే మాట్లాడాడు, ఇవాళే ఆస్పత్రికి వెళ్లమన్నారు. మందుల డబ్బా నా బ్యాగ్‌లోనే ఉంది, అమ్మకి అంతా చెప్పాను, మధ్యాహ్నం బండికి విశాఖ వెళ్తున్నాం. ఇందాక పక్కింటి పిల్లాడు బ్యాట్ పట్టుకొచ్చి అన్నా బౌలింగ్ వెయ్యవా అంటే చెప్పులేసుకుని బయటికెళ్లాడు, ఆరు బంతులు వేసి వచ్చి మళ్లీ పడుకున్నాడు.