కారు తెరలో దాక్కున్న ఏసీ మీటలను బయటికి తెచ్చేదెలా?

మాది తిరుపతి. నాలుగు నెలల క్రితం కొత్త కారు కొన్నాను, కంపెనీ పేరు వద్దులెండి. పది అంగుళాల తెర చూసి ఇంటిల్లిపాదీ మురిసిపోయాం. ఏసీ, ఫ్యాను, అద్దం మీదికి గాలి మళ్లించడం అన్నీ అందులోనే. విడిగా ఒక్క మీటా లేదు.

మొన్న తెల్లవారుజామున తిరుమల నుంచి ఘాట్ రోడ్డులో దిగుతుంటే ముందు అద్దం మసకబారింది. మ్యాపు మూయాలి, ఏసీ పేజీ తెరవాలి, అందులో గోరంత బొమ్మ వెతకాలి. ఎదురుగా మలుపు మీద మలుపు. నేను వెతుకుతుండగానే పక్కనున్న మామగారు కండువాతో అద్దం తుడిచేశారు! పాత కారులో అయితే చేత్తో తడిమి గుండ్రటి మీట తిప్పేవాణ్ణి, చూపు రోడ్డు మీదే ఉండేది.

2022లో ఒక స్వీడన్ పత్రిక పరీక్షలో, 2005 నాటి మీటల వోల్వోలో నాలుగు పనులు 10 సెకన్లలో అయ్యాయి. తెర మీద ఆధారపడ్డ ఒక కొత్త కారులో 44 సెకన్లు దాటింది. కార్ల భద్రతను పరీక్షించి స్టార్లు ఇచ్చే యూరప్ సంస్థ యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి ఇండికేటర్లు, హారన్, వైపర్ల వంటివాటికి విడి మీటలు కోరుతోంది. ఆ జాబితాలో ఏసీ లేదు, నా ఖర్మ.

స్టీరింగ్ మీదున్న నక్షత్రం గుర్తు మీటకు ఈ పని అప్పగించవచ్చా? బయట విడి మీటలు బిగించుకున్నవారు ఎవరైనా ఉన్నారా? వారంటీ పోతుందా? నోటితో చెబితే నా ఇంగ్లిషు అర్థంకాక పాటలు పెడుతోంది. షోరూములో అడిగితే, "అలవాటైపోతుంది సార్" అన్నారు.