పిల్లల యాంటీబయాటిక్ సిరప్: అదే మందు, సీసా మీద వేరే నంబరు (బెంగళూరు)

మారతహళ్లి అమ్మ: పాపకి రెండున్నరేళ్లు, చెవిలో ఇన్ఫెక్షన్. డాక్టర్ గారు అమాక్సిసిలిన్-క్లావులనేట్ పొడి మందు రాశారు, పొద్దున, రాత్రి 5 ఎంఎల్ చొప్పున ఐదు రోజులు. 30 ఎంఎల్ సీసా మూడు రోజులకే అయిపోతుంది కదా, రెండోది ముందే తెప్పించా. మొదటి దాని మీద 228.5 అని ఉంది, దీని మీద 457. షాపతను "రెండూ ఒకటే మేడమ్" అన్నాడు. ఇదీ 5 ఎంఎల్ వేయొచ్చా?

వైట్‌ఫీల్డ్ ఫార్మసిస్ట్: వేయకండమ్మా! మందు ఒకటే కానీ బలం రెట్టింపు. 228.5లో ప్రతి 5 ఎంఎల్‌కి అమాక్సిసిలిన్ 200 మిల్లీగ్రాములు, 457లో 400. పిల్లలకు డోసు బరువుని బట్టి లెక్కేస్తారు. సగం వేస్తే సరిపోతుందని మీరే తేల్చుకోవద్దు. సీల్ తీయకుండా ఇచ్చేసి, చీటీలో ఉన్నదే అడగండి. లేదంటే డాక్టర్‌కి ఫోన్ చేయండి.

కేఆర్ పురం నాన్న: రెండో సీసా ఇప్పుడే కలిపి పెట్టకండి. మొదటిది అయ్యాకే. కలిపాక ఈ మందు ఫ్రిజ్‌లో ఉంచినా ఏడు రోజులే.

మారతహళ్లి అమ్మ: కలపడం కూడా చెప్తారా? మాది బోరు నీళ్లు.

వైట్‌ఫీల్డ్ ఫార్మసిస్ట్: డబ్బాలో స్టెరైల్ వాటర్ ఇస్తే అదే వాడండి. లేకపోతే కాచి పూర్తిగా చల్లార్చిన నీళ్లు. ముందు సీసాని తట్టి పొడిని వదులు చేయండి. గీతకి కాస్త కింద వరకు పోసి బాగా కుదపండి. నురగ దిగాక మళ్లీ గీత దాకా పోయండి. చాలా ఇళ్లలో నురగనే మట్టంగా చూసి ఆపేస్తారు, అప్పుడు మందు చిక్కబడి డోసు పెరుగుతుంది. వేసే ప్రతిసారీ కుదపాలి, పొడి అడుగుకి చేరుతుంది. డీప్ ఫ్రీజర్‌లో పెట్టొద్దు.

బెళ్లందూరు అమ్మమ్మ: మా రోజుల్లో ఉగ్గుగిన్నెతో పోసేవాళ్లం. ఇప్పుడు మనవడికి సూది లేని సిరంజితో బుగ్గ లోపలికి కొంచెం కొంచెంగా వేస్తున్నాం. ఇంటి చెంచాలు తలో సైజు తల్లీ, వాటిని నమ్మకు. పాల సీసాలోనూ కలపకు, సగం తాగి వదిలేస్తే ఎంత మందు పోయిందో తెలీదు. అన్నం మొదలుపెట్టేటప్పుడు వేస్తే కడుపు అంతగా చెడదు. పెరుగన్నం పెట్టొచ్చు.

మారతహళ్లి అమ్మ: విరేచనాలు కొంచెం పలచగా ఉన్నాయి, ఆపేయాలా?

వైట్‌ఫీల్డ్ ఫార్మసిస్ట్: ఈ మందుతో అది మామూలే. ఆపకండి, డాక్టర్‌కి మాత్రం చెప్పండి. నీళ్లలా పదేపదే అవుతున్నా, రక్తం కనిపించినా వెంటనే చూపించండి. ఒళ్లంతా దద్దుర్లు, పెదవులు వాయడం, ఊపిరి ఆడకపోవడం అయితే మందు ఆపి నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.

కేఆర్ పురం నాన్న: ఐదు రోజులకి 50 ఎంఎల్, రెండు సీసాలంటే 60. మిగిలిన 10 వచ్చే జలుబుకి దాచకండి అక్కా. జలుబు ఎక్కువగా వైరస్ వల్లే, దానికి ఇది పనిచేయదు.

మారతహళ్లి అమ్మ: షాపులో మార్చి 228.5 ఇచ్చారు. సిరంజి కూడా తీసుకున్నా. అందరికీ థ్యాంక్సండీ.