సమస్య: తండ్రి యోడిన నాడె యా తరుణి గెలిచె

నిర్వాహకుడు:

మిత్రులందరికీ నమస్కారం. ఈ వారం సమస్య తేటగీతి పాదం. ఇది చివరి పాదంగా వచ్చేలా పద్యం పూరించండి.

తండ్రి యోడిన నాడె యా తరుణి గెలిచె

ఈసారి విషయం కూడా ఇస్తున్నాను. మధ్యయుగపు స్కాట్లండ్‌లో, పగవాళ్ల మధ్య పెద్దలు కుదిర్చిన ఒక పెళ్లి. 1302లో రాబర్ట్ బ్రూస్ ఎలిజబెత్ డి బర్గ్‌ను చేసుకున్నాడు. ఇది అతనికి రెండో పెళ్లి. ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ మీద తిరగబడి, అప్పుడే లొంగిపోయి ఉన్నాడు. పెళ్లికూతురి తండ్రి రిచర్డ్ ఐర్లండ్‌లో అల్‌స్టర్‌కు ప్రభువు, ఎడ్వర్డ్‌కు కుడిభుజం. అల్లుడు నాలుగేళ్లు కుదురుగా ఉన్నాడు. 1306 మార్చిలో స్కోన్‌లో స్కాట్లండ్ రాజుగా కిరీటం పెట్టుకున్నాడు. ఆ ఏడాది చలికాలానికే ఎలిజబెత్ ఎడ్వర్డ్ చేతికి చిక్కింది. ఎనిమిదేళ్లు బందీగా ఉంది.

పాదంలో రెండు క్రియలున్నాయి. తండ్రి ఎక్కడ ఓడాడో చెప్పడం తేలిక, చరిత్ర తిరగేస్తే దొరుకుతుంది. ఆమె ఏం గెలిచింది? దానికి జవాబు చెప్పే పద్యం కోసం చూస్తాను. అల్లుడూ మామా కత్తులు దూసుకుంటే మధ్యలో ఉన్న మనిషి ఆమె. పద్యంలో ఆమె కనబడాలి.

కొత్తవారి కోసం: ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో కలవాల్సిన అక్షరం, నాలుగో గణం మొదట్లో వస్తుంది. మనం ఇచ్చిన పాదంలో తం–త.

ఓరుగల్లు తమ్ముడు:

గురువుగారూ, తేటగీతి రాయడం ఇది మూడోసారి. టెన్షన్‌గానే పెడుతున్నాను. తప్పులుంటే చెప్పండి.

ఎనిమి దేండ్లుగ చెరలోన నింతి యుండ
వాగు గట్టున దొరసేన పారిపోవ
మగని గెలుపున చెరవీడి మరలి వచ్చె
తండ్రి యోడిన నాడె యా తరుణి గెలిచె

వాగు అంటే బ్యానక్‌బర్న్. అక్కడి భాషలో బర్న్ అంటే వాగేనట.

నిర్వాహకుడు:

తమ్ముడూ, గణాలన్నీ సరిపోయాయి. మొదటి పాదంలో ఎ–ఇ అచ్చుల యతి, రెండో పాదంలో వా–పా, రెండూ చెల్లుతాయి. మూడో ప్రయత్నానికే ఇంత ధార రావడం నాకు చాలా సంతోషం. బ్యానక్‌బర్న్‌ను వాగు అనడం ఇంకా బాగుంది. ఇంగ్లిషు పేరును ఛందస్సులో కుక్కబోతే పద్యం నలిగిపోతుంది.

ఇక విషయం. 1314 జూన్‌లో ఆ వాగు దగ్గర ఓడింది మొదటి ఎడ్వర్డ్ కొడుకు రెండో ఎడ్వర్డ్. మీరు 'దొర' అన్నది అతన్నే. మరి తండ్రి ఏడీ? మూడు పాదాల్లో ఎక్కడా లేని తండ్రి నాలుగో పాదంలో ఉన్నట్టుండి ఓడిపోయాడు. రెండో పాదాన్ని ఇలా మారిస్తే కొంత అతుకుతుంది:

తండ్రి కొలిచిన దొరసేన తరలిపోవ

అప్పుడు దొర ఓటమి తండ్రి పక్షానికి ఓటమి అవుతుంది. చెర వీడిన సంగతి మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. ఆ యుద్ధం తర్వాత ఇంగ్లండ్ పక్షపు హెరిఫర్డ్ ప్రభువు స్కాట్ల చేతికి చిక్కాడు. అతన్ని వదిలి, బదులుగా ఎలిజబెత్‌నూ, రాబర్ట్ మొదటి భార్య కూతురు మార్జొరీనీ, ఇంకొందరినీ విడిపించుకున్నారు.

ఇంకొక్కటి. 'మగని గెలుపున' అన్నారు. అంటే గెలిచింది మగడు, ఆమెను విడిపించారు. నేను అడిగిన ప్రశ్న అలాగే మిగిలిపోయింది.

కాకినాడ మాస్టారు:

తమ్ముడి పద్యంలో తండ్రి లోటు నేను పూరిస్తాను. తండ్రి స్వయంగా ఓడిన యుద్ధం ఉంది. 1315లో రాబర్ట్ తమ్ముడు ఎడ్వర్డ్ బ్రూస్ ఐర్లండ్ మీదికి దండెత్తి, కానర్ దగ్గర రిచర్డ్ సేనను చెదరగొట్టాడు. ఆమె చెర నుంచి వచ్చి అప్పటికి ఏడాది కూడా తిరగలేదు.

కానరను నూర మఱదియే కత్తి దూయ
మామ సేనలు చెదరెను మంచు వోలె
కంట నీరున్న పెదవిపై కాంతి మెరిసె
తండ్రి యోడిన నాడె యా తరుణి గెలిచె

నెల్లూరు అక్కయ్య:

మాస్టారూ, మీ ధార ముందు మేమెంత. కానీ రెండు సందేహాలు.

మొదటిది వరసలు. 'మఱది' అన్నప్పుడు ఆమె వైపు నుంచి చూస్తున్నారు. 'మామ' అన్నప్పుడు రాబర్ట్ వైపుకి వెళ్లిపోయారు. ఒకే యుద్ధాన్ని రెండు ఇళ్ల నుంచి చెబితే చదివేవాళ్లకి ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియదు.

రెండోది నాకు నిజంగా బాధ కలిగించింది. కన్నతండ్రి సేన చెదిరిందన్న కబురు వింటే కూతురి పెదవి మీద కాంతి మెరుస్తుందా? ఏ కూతురికి మాస్టారూ? పైగా ఆ తండ్రి వల్లే ఆమె బతికి బయటపడింది. 1306లో ఆమెతో పాటు పట్టుబడ్డ ఆడవాళ్లకి ఏం జరిగిందో చూడండి. రాబర్ట్‌కు కిరీటం పెట్టిన ఇసబెల్లాను బెరిక్‌లో పంజరంలో పెట్టారు. రాబర్ట్ చెల్లెలు మేరీని రాక్స్‌బరోలో పంజరంలో పెట్టారు. ఎలిజబెత్‌ను మాత్రం ఇంట్లో ఉంచి కాపలా పెట్టారు. అల్‌స్టర్ ప్రభువు కూతురని ఎడ్వర్డ్ వెనకాడాడు. ఆ సంగతి ఆమెకు తెలియకుండా ఉంటుందా?

కాకినాడ మాస్టారు:

అమ్మా, మీరు చెప్పిందే సబబు. వైరుధ్యం పలికించాలనే తాపత్రయంలో ఆ పిల్ల మనసు మరిచాను. మార్చాను, చూడండి.

కానరను నూర తమ్ముడే కత్తి దూయ
మామ సేనలు చెదరెను మంచు వోలె
కంట నీరున్న గుండియ కదలదయ్యె
తండ్రి యోడిన నాడె యా తరుణి గెలిచె

నిర్వాహకుడు:

ఇప్పుడు తమ్ముడు, మామ, రెండు వరసలూ రాబర్ట్ వైపు నుంచే వచ్చాయి. 'కానరను నూర' అన్నచోట నుగాగమం ('అను', 'ఊర' మధ్య నకారం చేరడం) శాస్త్రబద్ధం, కొత్తవారు గమనించండి. మూడో పాదం మారడంతో పద్యం ఎంత ఎత్తుకు వెళ్లిందో చూడండి. కన్నీరు కన్నీరుగానే ఉంది, నిలకడ నిలకడగానే ఉంది. పాదం మొదట్లోని 'కంట' చివరి 'కదలదయ్యె'తో యతి కలవడం కూడా చెవికి హాయిగా ఉంది.

అక్కయ్యగారి విమర్శ ఈ వారం మనందరికీ పాఠం. మరి మీ పద్యం ఏదండీ?

నెల్లూరు అక్కయ్య:

అంత మాట అన్నాక నేనూ పెట్టాలి కదా. నేను యుద్ధాల జోలికి పోలేదు. తండ్రి వేసిన ఎత్తు ఓడిపోయిందని తీసుకున్నాను.

అల్లు డీ పెండ్లి బంధాన నణగు ననుచు
దొరకు మేలెంచి కూతును ధార వోసె
స్కోను గుట్టపై మకుటమ్ము సొంతమయ్యె
తండ్రి యోడిన నాడె యా తరుణి గెలిచె

నిర్వాహకుడు:

మొదటి పాదం అచ్చమైన తెలుగింటి మాట. 'ధార వోసె' అనగానే నాకు పెళ్లిపందిరి కనబడింది. స్కో–సొ యతి చక్కగా కుదిరింది.

రెండో పాదంలో యతి తప్పింది. దొ–ధా: హల్లులు కలిశాయి, అచ్చులు కలవలేదు. ఒకారానికి ఉ, ఊ, ఓ మిత్రులు, ఆకారం కాదు. ఇలా సవరించుకోవచ్చు:

తనదు దొరకయి కూతును ధార వోసె

'ఓడిన' అంటే యుద్ధంలోనే ఓడనక్కర్లేదు, ఆలోచన ఓడినా ఓటమే అన్న చూపు నాకు నచ్చింది. సమస్యను విప్పడం అంటే ఇదీ. ఈ వారం నాకు విడిగా వచ్చిన పూరణల్లో కొన్ని మూడో పాదం చివర 'అనిరి జనులు' అని పెట్టి చేతులు దులుపుకున్నాయి. ఎవరో అన్నారంటే ఏ సమస్యైనా తీరిపోతుంది. అది పూరణ అనిపించుకోదు, అందుకే వాటిని ఇక్కడ పెట్టలేదు.

ఎడింబరో చెల్లి:

అక్కా, పద్యం చాలా బాగుంది. ఒక్కటి అడగనా? కిరీటం సొంతమైన రోజున ఆమె గెలిచిందంటారా? ఆ రోజు ఆమె భర్తతో అన్నట్టు చెప్పే మాట ఒకటి ఇక్కడ అందరికీ తెలుసు. వేసవిలో పిల్లలు ఆటకి రాజునీ రాణినీ చేస్తారే, మనం అలాంటి రాజూ రాణులమే అందట. నిజంగా అందో లేదో కానీ జరిగింది అలాగే. జూన్‌లో మెత్వెన్ దగ్గర రాబర్ట్ చిత్తుగా ఓడిపోయాడు. ఆడవాళ్లను ఉత్తరానికి పంపేశారు. టేన్ అనే ఊళ్లో సెయింట్ డూథాక్ గుడిలో తలదాచుకుంటే, గుడి అని కూడా చూడకుండా రాస్ ప్రభువు పట్టి ఎడ్వర్డ్‌కు అప్పగించాడు. మూడు నెలల కిరీటం, ఎనిమిదేళ్ల చెర. దాన్ని గెలుపు అనడానికి నాకు మనసొప్పడం లేదు.

నెల్లూరు అక్కయ్య:

నిజమే చెల్లీ. మాస్టారిని అడిగిన ప్రశ్నే నాకు తిరిగి వచ్చింది. మరి నువ్వు ఎక్కడ చూస్తున్నావు ఆమె గెలుపు?

ఎడింబరో చెల్లి:

నేను ఈ దేశం వచ్చి ఆరేళ్లయింది. ఫోర్త్ ఏరు దాటితే డన్‌ఫర్మ్‌లిన్. అక్కడి అబ్బీ (క్రైస్తవ మఠం) గోపురం పైన నాలుగు వైపులా రాతి అక్షరాల్లో రాబర్ట్ బ్రూస్ పేరు ఉంటుంది. రైలు దిగి నడుస్తుంటేనే చదవచ్చు. 1327లో చనిపోయిన ఎలిజబెత్‌ను కూడా అక్కడే పాతిపెట్టారు. మొదటిసారి వెళ్లినప్పుడు నాకు అంతా అతనే కనిపించాడు. తర్వాత ఆమె గురించి చదివాను.

బందీగా పంపేటప్పుడు ఆమె దగ్గర ఉండే ఆడవాళ్లు వయసు మళ్లినవాళ్లై ఉండాలని, సరదా మనుషులు కాకూడదని ఆజ్ఞ. మాట్లాడుకోవడానికి కూడా మనిషి ఉండకూడదని. ఆమె ఊరుకోలేదు. కట్టుకోవడానికి సరైన బట్టలు లేవని రాజుకే ఉత్తరం రాసింది. బందీ అయినా తన మర్యాద తను అడిగి తీసుకునే మనిషి అని నాకు అప్పుడు తెలిసింది.

ఇంకో సంగతి నన్ను చాలా రోజులు వదల్లేదు. 1317లో రాబర్ట్, తమ్ముడూ కలిసి డబ్లిన్ వైపు వస్తుంటే, ఆ ఊరి మేయరు అల్‌స్టర్ ప్రభువునే పట్టి ఖైదులో పెట్టాడు. నీ కూతురు బ్రూస్ రాణి, నువ్వు అతనితో చేతులు కలిపావని అనుమానం. జీవితమంతా ఇంగ్లండ్ రాజును కొలిచిన మనిషి! అల్లుణ్ణి కట్టడానికి ఇచ్చిన కూతురు, చివరికి ఆయన్నే కట్టింది.

పగను గట్టగ నామెను పగ్గ మనిరి
చెరను వేగియు మగనిపై చెలిమి విడదు
పగ్గమే తండ్రి కాళ్ళకు బంధమయ్యె
తండ్రి యోడిన నాడె యా తరుణి గెలిచె

కాకినాడ మాస్టారు:

అమ్మాయీ! పగ, పగ్గం పక్కపక్కన పెట్టావు చూడూ, అక్కడే ఆగిపోయి మూడుసార్లు చదువుకున్నాను. పగ్గం మొదటి పాదంలో అల్లుడి కోసం పేనారు, మూడో పాదంలో మామ కాళ్లకి చుట్టుకుంది. ఇంతకంటే సమస్యకు సమాధానం ఏముంటుంది?

నిర్వాహకుడు:

నాకూ అంతే. ఒకే ఒక్క సవరణ. 'విడదు' అంటే వాక్యం అక్కడ తెగిపోతోంది, కాలమూ మారుతోంది. 'విడక' అంటే గణం చెడదు, మాట మూడో పాదంలోకి సాగుతుంది.

చెరను వేగియు మగనిపై చెలిమి విడక

'పగ్గ మనిరి' దగ్గర ఎవరు అన్నారని ఒకరు నన్ను విడిగా అడిగారు. కర్త లేకపోవడమే మేలనుకుంటున్నాను. ఎడ్వర్డ్, తండ్రి, రాబర్ట్, పెళ్లి కుదిర్చిన ప్రతి ఒక్కరూ అందులో ఉన్నారు. ఆమెను మనిషిగా కాక తాడుగా చూసినవాళ్లందరూ.

గెలుపు సంగతి. చెల్లి పద్యంలో ఆమె ఎవరినీ ఓడించలేదు. తండ్రి చెరలో పడితే సంతోషించలేదు. ఎవరి చేతిలో తాడు కాను అని ఎనిమిదేళ్లు నిలబడింది. ఇంటికి తిరిగి వెళ్లింది. 1324లో డన్‌ఫర్మ్‌లిన్‌లోనే ఆమెకు డేవిడ్ పుట్టాడు, తర్వాత రాజయ్యాడు. 'చెలిమి' అన్న మాట నాకు మరీ నచ్చింది. పెళ్లినాటికి వాళ్లిద్దరి మధ్య ప్రేమ ఉందని ఎవరూ చెప్పలేరు. చెరలో పుట్టి ఉండవచ్చు ఆ చెలిమి. పద్యం ఆ అవకాశం ఇచ్చింది.

తమ్ముడూ, మీ పద్యం మళ్లీ రాసి పంపండి, ఆ మొదటి పాదాన్ని వదులుకోకండి.

ఓరుగల్లు తమ్ముడు:

తప్పకుండా గురువుగారూ. 'మగని గెలుపున' తీసేస్తాను. ఆ పాదంలో ఆమె రాసిన ఉత్తరం తేవాలని చూస్తున్నాను.

నిర్వాహకుడు:

అదే చేయండి, నేను ఎదురుచూస్తాను.

వచ్చే వారం సమస్య కూడా ఈ ఇంటిదే. రాబర్ట్ తల్లి మార్జొరీ, కారిక్ ప్రాంతానికి స్వయంగా అధిపతి. అప్పటికే భర్త క్రూసేడులో పోయాడు. తను వేటకు వెళ్లినప్పుడు యువకుడు బ్రూస్ (తర్వాత మన రాబర్ట్‌కు తండ్రి) దారిలో కనబడితే, అతను వద్దంటున్నా తన చేత్తోనే ఆపి బలవంతంగా తన టర్న్‌బెరీ కోటకు తీసుకుపోయిందని, అక్కడ పక్షం రోజులు గడిచాక రహస్యంగా పెళ్లి జరిగిందని పధ్నాలుగో శతాబ్దపు చరిత్రకారుడు ఫోర్డన్ కథ చెప్పాడు. రాజు అనుమతి లేని పెళ్లి కనుక మూడో అలెగ్జాండర్ ఆమె కోటనూ భూములనూ లాక్కున్నాడు, ఆమె సొమ్ము చెల్లించి విడిపించుకుంది. ఈసారి ఆటవెలది, చివరి పాదం:

వరుని చెరను పెట్టె వధువు తాను