1999 కెమిస్ట్రీ నోబెల్ జెవైల్ ఒక్కరికే ఇవ్వడం న్యాయమేనా?

కోనసీమ కుర్రోడు:
అందరికీ నమస్కారమండి. అమలాపురంలో డిగ్రీ ఫైనలియర్. మొన్న సెమినార్‌లో అహ్మద్ జెవైల్ గురించి చెప్పాను. రసాయన చర్యలో బంధం తెగుతుండగానే ఫెమ్టోసెకండ్ లేజర్లతో, అంటే ఊహకందనంత కొద్దిసేపే మెరిసే లేజర్లతో, చూసినందుకు 1999లో ఆయనకొక్కరికే నోబెల్ వచ్చింది. అయ్యాక ఒక సీనియర్ లేచి, "లేజర్ చేసింది అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాల వాళ్ళు, బహుమతి ఈయనకా?" అన్నాడు. మీరేమంటారు?

నరసాపురం లాకు:
మీ సీనియర్ మాటలో పస ఉంది. ఫోర్క్, గ్రీన్, షాంక్ 1981లోనే బెల్ ల్యాబ్స్‌లో వంద ఫెమ్టోసెకండ్లలోపు పల్స్, అంటే లేజర్ మెరుపు, తీశారు. అదే లేకపోతే జెవైల్ ఏం చూసేవారు? ముగ్గురి దాకా పంచుకునే వీలుంది, రెండు కుర్చీలు ఖాళీగా వదిలేశారు. వేగంగా జరిగే చర్యల మీద పనికి 1967లో ఐగెన్, నోరిష్, పోర్టర్ ముగ్గురికీ పంచారు కదా.

కాకినాడ మాష్టారు:
బాబూ, బహుమతి దేనికిచ్చారో ముందు చూడండి. ఫెమ్టోసెకండ్ స్పెక్ట్రోస్కోపీతో (కాంతితో పదార్థాన్ని పరిశీలించే పద్ధతి) చర్యల ట్రాన్సిషన్ స్టేట్లను, అంటే పాత బంధం తెగి కొత్తది కుదిరే మధ్యలోని క్షణిక స్థితులను, అధ్యయనం చేసినందుకు. లేజర్ కట్టినందుకు కాదు.

1987లో జెవైల్ బృందం తీసుకున్నది అయోడిన్ సయనైడ్. మొదటి పల్స్ బంధాన్ని తెంపుతుంది. కాస్త ఆలస్యంగా వదిలిన రెండో పల్స్, విడిపోతున్న ముక్కని పలకరిస్తుంది. ఆ ఆలస్యాన్ని కొంచెం కొంచెంగా మారుస్తూ పోతే, బంధం పూర్తిగా తెగడానికి సుమారు 200 ఫెమ్టోసెకండ్లు పట్టిందని తేలింది. సెకండుని పది కోట్ల కోట్ల ముక్కలు చేస్తే ఒక ముక్క ఫెమ్టోసెకండ్. ముప్పై ఏళ్ళు ట్రాన్సిషన్ స్టేట్‌ని బోర్డు మీద గుట్ట బొమ్మ గీసి చెప్పినవాణ్ణి, ఆ గ్రాఫు మొదటిసారి చూసినప్పుడు నాకు నిద్ర పట్టలేదు.

ఇక 1967 సంగతి. నోరిష్, పోర్టర్ ఫ్లాష్ పద్ధతి (మెరుపు కాంతితో చర్యని మొదలెట్టి చూడటం) వాళ్ళే కనిపెట్టి, వాళ్ళే వాడారు. ఇక్కడ అలా కాదు. మగ్గం చేసిన వడ్రంగికీ ఉప్పాడ చీర నేసినవాడికీ ఒకే బహుమతి ఇస్తామా?

భీమవరం ల్యాబ్:
ఆయ్, నేను ఆ వడ్రంగి పక్షమండి. మాది ఆక్వా ల్యాబ్. తెల్లారేసరికి రైతులు సీసాల్లో చెరువు నీళ్ళు పట్టుకొచ్చేస్తారు. ఫాస్ఫేట్‌కి రీఏజెంట్ వేసి, నీలం తేలేదాకా ఆగి, కలరిమీటర్లో పెడతాం. మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1925లో ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్ కొలవడానికి ఇచ్చింది ఇలాంటి నీలం రంగు పద్ధతే. నోబెల్ రాలేదు. కానీ ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అని పేరైనా నిలిచింది. షాంక్ పేరు సెమినార్‌లో ఎవరైనా చెప్పారా తమ్ముడూ?

కోనసీమ కుర్రోడు:
లేదన్నా. నా స్లయిడ్లలో కూడా లేదు. ఒకటి మాత్రం చెప్పాను: జెవైల్ పుట్టింది ఈజిప్టులో, నైలు డెల్టాలోని దమన్‌హూర్‌లో. డెల్టా వాడనగానే చప్పట్లు కొట్టారు.

నరసాపురం లాకు:
డెల్టా వాడని మార్కులు కలుపుతారా ఏంటి :) మాష్టారూ, ఖాళీ కుర్చీల సంగతి మీరు దాటేశారు.

కాకినాడ మాష్టారు:
దాటెయ్యలేదు. చోటుంది కదాని నింపాలన్న రూలేం లేదు. పనిముట్టు చేసినవాళ్ళని ఫిజిక్స్ వైపు చూసుకుంటారు. తీవ్రమైన పొట్టి లేజర్ పల్స్‌లు తీసే పద్ధతికి 2018లో మూరూ, స్ట్రిక్‌లాండ్‌లకి ఇచ్చింది అలాగే. అన్యాయం అనాలంటే 1930 గురించి అనండి. రామన్ ఎఫెక్ట్‌కి ఫిజిక్స్ నోబెల్ సి.వి. రామన్‌కి ఒక్కరికే ఇచ్చారు. కె.ఎస్. కృష్ణన్ ఆ ప్రయోగం దగ్గరే కూర్చున్నాడు, 1928 పేపర్లో ఆయన పేరూ ఉంది. షాంక్ జెవైల్ ప్రయోగంలో కూర్చోలేదు.

నరసాపురం లాకు:
అయితే మీ లెక్క ప్రకారమే అడుగుతున్నానండి. 1987 పేపర్ మీద జెవైల్‌తో పాటు డాంటస్, రోస్కర్ పేర్లున్నాయి. ప్రయోగంలో కూర్చున్నవాళ్ళే. కుర్చీలు కూడా సరిగ్గా రెండే ఖాళీ. వాళ్ళ సంగతేంటి?