"కంటే ఎక్కువ" అని ఉంటే కూడాలా?

ప్రశ్న పెట్టినవారు:

అందరికీ నమస్కారం. మా పాప మూడో తరగతి. నిన్న హోంవర్క్‌లో ఒక లెక్క దగ్గర ఆగిపోయాం. "అక్క దగ్గర 12 గోళీలు ఉన్నాయి. ఇవి తమ్ముడి దగ్గర ఉన్నవాటి కంటే 5 ఎక్కువ. తమ్ముడి దగ్గర ఎన్ని ఉన్నాయి?" అని లెక్క. పాప 17 అని రాసింది. ఎందుకమ్మా అని అడిగితే "ఎక్కువ అని ఉంటే కూడాలి, తక్కువ అని ఉంటే తీసేయాలి" అంది. కూడికలు, తీసివేతలు విడిగా ఇస్తే ఒక్కటీ తప్పు పోదు. మాటల్లో ఇస్తేనే టెన్షన్. అందుకే దీన్ని లెక్కల గ్రూపులో కాకుండా ఈ తెలుగు భాష గ్రూపులో అడుగుతున్నాను. ఈ "కంటే" అనే మాటను పిల్లలకు ఎలా విప్పి చెప్పాలి? "కన్నా" అంటే ఏమైనా తేలికవుతుందా?

ఒక సభ్యుడు:

కంటే అన్నా, కన్నా అన్నా పని ఒకటేనండి. తేలిక కాదు, కష్టమూ కాదు. కానీ ఆ మాట రూపం ఒకసారి చూడండి. అను నుంచి అంటే, విను నుంచి వింటే, అలాగే కను నుంచి కంటే. కనడం అంటే చూడటం. "తమ్ముడి కంటే" అన్నప్పుడు మనం తమ్ముడి దగ్గర ఉన్నవి చూసుకుని, అక్కడి నుంచి కొలవడం మొదలుపెడతాం. అంటే "కంటే" ఎవరికి అంటుకుంటే వాళ్ళు కొలబద్ద. ఎక్కువ, తక్కువ అనేవి ఎప్పుడూ రెండోవాళ్ళ గురించే చెబుతాయి. బడిలో మనమంతా "వలన, కంటె, పట్టి పంచమీ విభక్తి" అని వల్లించాం కదా, ఆ పంచమి ఇక్కడ నిజంగా పనికొస్తుంది.

ఇంకో సంగతి. తెలుగులో మాటల వరస మారినా అర్థం చెడదు. "తమ్ముడి కంటే అక్క దగ్గర 5 ఎక్కువ" అన్నా, "అక్క దగ్గర తమ్ముడి కంటే 5 ఎక్కువ" అన్నా ఒకటే. ముందు ఎవరి పేరు వచ్చిందో చూసి లెక్క కట్టే పిల్లలు ఇక్కడే పొరపాటు పడతారు.

ఒక ఉపాధ్యాయురాలు:

నేను చాలా ఏళ్ళుగా రెండు, మూడు తరగతుల పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. పాప చెప్పిన సూత్రం మొదట ఆపేయండి, దయచేసి. "ఎక్కువ అంటే కూడు" అనేది చూడటానికి సాయంలా ఉంటుంది, నిజానికి వాక్యం చదవనివ్వకుండా చేస్తుంది. పిల్లలు రెండు అంకెలు, ఒక మాట ఏరుకుని మిగతాదంతా వదిలేస్తారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి పాపకు చూపించండి:

"తమ్ముడి దగ్గర 12 గోళీలు. అక్క దగ్గర తమ్ముడి కంటే 5 ఎక్కువ. అక్క దగ్గర ఎన్ని?"

"అక్క దగ్గర 12 గోళీలు. అవి తమ్ముడి వాటి కంటే 5 ఎక్కువ. తమ్ముడి దగ్గర ఎన్ని?"

రెండింట్లోనూ ఎక్కువ అనే ఉంది. జవాబులు 17, 7. తేడా అంతా ఎవరిది తెలుసు, ఎవరిది తెలియదు అన్న దాంట్లో ఉంది. కాబట్టి "ఏం చేయాలి?" అని అడగకండి. "ఎవరి దగ్గర ఎక్కువ ఉన్నాయి?" అని అడగండి. అక్క దగ్గర, అంటుంది. అప్పుడు అక్కకు ఒక పొడుగు గీత, దాని కింద తమ్ముడికి పొట్టి గీత గీయించండి. అక్క గీత మీద 12, మిగిలిపోయిన తోక మీద 5. పొట్టి గీతకు 17 రాయడానికి పిల్లల చెయ్యే ఒప్పుకోదు. నేను చూశాను, పెన్సిల్ ఆగిపోతుంది.

మాట మారిస్తే ఎంత తేడా వస్తుందో చెప్పే ఒక పరిశోధన ఉంది. 1983లో టామ్ హడ్సన్ అనే ఆయన చిన్నపిల్లలకు కొన్ని పక్షులు, వాటికంటే తక్కువ పురుగులు ఉన్న బొమ్మలు చూపించారు. "పురుగుల కంటే పక్షులు ఎన్ని ఎక్కువ?" అని అడిగితే ఒకటో తరగతి పిల్లల్లో 64 శాతం మంది సరిగ్గా చెప్పారు. అదే బొమ్మ చూపించి "పక్షులన్నీ తలా ఒక పురుగును పట్టుకోబోతే ఎన్నిటికి పురుగు దొరకదు?" అన్న అర్థంలో అడిగితే అందరూ చెప్పారు. ఇంకా చిన్న తరగతిలో 25 శాతం కాస్తా 96 శాతం అయింది. బొమ్మ అదే, లెక్క అదే. పిల్లలకు రానిది తీసివేత కాదు, ఆ పోలిక వాక్యం. అందుకే "కంటే" లెక్క వచ్చినప్పుడు నేను ముందు "జతలు కట్టండి, జత లేనివి ఎన్ని?" అని అడుగుతాను. అది వచ్చాక దాన్నే "కంటే ఎన్ని ఎక్కువ" అంటారని చెబుతాను.

మన "తీసివేత" అనే పేరు కూడా కొంత ఇబ్బంది పెడుతుంది. పేరులోనే తీసేయడం ఉంది. "పక్షులు ఎగిరిపోయాయి", "పెన్సిళ్ళు ఇచ్చేశాడు" అంటే చక్కగా సరిపోతుంది. పోలిక లెక్కలో ఎవరూ ఏమీ తీసేయరు. అక్క గోళీలు అక్క దగ్గరే ఉంటాయి, తమ్ముడివి తమ్ముడి దగ్గరే ఉంటాయి. "ఇంకా ఎన్ని కావాలి?" లెక్కలో అయితే తీసేయడం పక్కన పెట్టండి, చేరుస్తాం కూడా: "నా దగ్గర 8 బొమ్మలున్నాయి, 13 కావాలంటే ఇంకా ఎన్ని?" ఇక్కడ కూడా తీసివేతే ఎందుకు చేయాలని ఒక పిల్లవాడు నన్ను అడిగాడు. న్యాయమైన ప్రశ్న. వాడికి 8 నుంచి 13 దాకా వేళ్ళ మీద లెక్కపెట్టించాను. తర్వాత 13లోంచి 8 తీయించాను. రెండూ 5 అయ్యాక ఒప్పుకున్నాడు. ఇలాంటి చోట "తేడా" అనే మాట వాడితే పిల్లలకు దారి దొరుకుతుంది.

మరొక సభ్యురాలు:

గుణకారం, భాగహారాల్లో తెలుగు మనకు చేసే సాయం గురించి కూడా చెప్పాలి. "నలుగురికి మూడు పెన్సిళ్ళు ఇచ్చాను" అంటే మొత్తం మూడే. "నలుగురికి మూడేసి పెన్సిళ్ళు ఇచ్చాను" అంటే పన్నెండు. ఒక్క "ఏసి" గుణకారమంతా మోస్తోంది. చొప్పున, తలా, ఒక్కొక్కరికి కూడా ఆ కుటుంబమే. చదివేటప్పుడు పిల్లలు ఈ చిన్న ముక్కను మింగేస్తారు. గట్టిగా పలికించండి.

భాగహారంలో రెండు రకాలున్నాయి. "12 పెన్సిళ్ళను ముగ్గురికి సమానంగా పంచితే తలా ఎన్ని?" ఇది పంపకం. "12 పెన్సిళ్ళను మూడేసి చొప్పున ఇస్తే ఎంతమందికి వస్తాయి?" ఇది కట్టలు కట్టడం. కాగితం మీద రెండూ 12ను 3తో భాగించడమే, జవాబు 4. కానీ తెలుగులో జవాబు ఒకటి కాదు! మొదటిది నాలుగు, రెండోది నలుగురు. మనుషులకు వేరే లెక్కమాట ఉన్న భాష మనది. ఎన్ని, ఎంత, ఎంతమంది అనే ప్రశ్నమాటే జవాబు ఏ జాతిదో ముందే చెప్పేస్తుంది. ఉత్త 4 అని రాసి ఊరుకునే పిల్లలను "నాలుగా, నలుగురా?" అని అడిగి చూడండి, లెక్క మళ్ళీ చదువుతారు.

ఉపాధ్యాయురాలు:

చాలా బాగా చెప్పారండి. శేషం వచ్చే లెక్కల్లో కూడా చివరి మాటే ముఖ్యం. 1980ల మొదట్లో అమెరికాలో దేశవ్యాప్తంగా జరిగిన ఒక పరీక్షలో 13 ఏళ్ళ పిల్లలను అడిగారు: 1128 మంది సైనికులు, బస్సుకు 36 మంది, ఎన్ని బస్సులు కావాలి? భాగిస్తే 31, శేషం 12. దాదాపు 70 శాతం మంది భాగహారం సరిగ్గానే చేశారు. కానీ 32 బస్సులు అని రాసినవాళ్ళు నాలుగో వంతుకు కూడా చేరలేదు. చాలామంది "31, శేషం 12" అని బస్సులకే శేషం పెట్టారు. మనం వాక్యంలోని క్రియాపదం మార్చి మూడు సార్లు అడగొచ్చు. ఎన్ని బస్సులు నిండుతాయి? 31. ఎంతమంది మిగులుతారు? 12. అందరూ వెళ్ళాలంటే ఎన్ని కావాలి? 32. ఒకే భాగహారానికి మూడు జవాబులు.

మొదటి సభ్యుడు:

వంతులు, రెట్లు మరిచిపోయాం. తరగతిలో 36 మంది ఉన్నారనుకోండి. "మూడో వంతు" అంటే 12 మంది. "మూడింట రెండు వంతులు" అంటే 24 మంది. "మూడు వంతులు" అని ఊరికే అంటే మాత్రం వాడుకలో నాలుగింట మూడు, అంటే 27 మంది. మూడో, మూడింట, మూడు: ప్రత్యయం ఒక్కటి జారితే లెక్క మొత్తం జారుతుంది. ప్రశ్నపత్రం రాసేవాళ్ళు "నాలుగింట" అనే మాట దాచకుండా రాయాలని నా గట్టి అభిప్రాయం.

రెట్లదీ అదే సమస్య. 5కు మూడు రెట్లు 15, సందేహం లేదు. "మూడు రెట్లు ఎక్కువ" అంటే కొందరికి 15, ఇంకొందరికి 20. పిల్లల పుస్తకంలో అలాంటి వాక్యం ఉండకూడదు. "మూడు రెట్లు తక్కువ" అనేదైతే అసలు వద్దు, "మూడో వంతు" అనే మంచి మాట మనకు ఉండనే ఉంది.

ప్రశ్న పెట్టినవారు:

అందరికీ చాలా థాంక్స్ అండి. సాయంత్రం గీతలు గీయించాను. పొట్టి గీత దగ్గరకు వచ్చేసరికి పాప తనంతట తానే 17 కొట్టేసి 7 రాసింది. తర్వాత నాకే లెక్క ఇచ్చింది: "నా దగ్గర 9 రంగు పెన్సిళ్ళు. నీ కంటే 4 తక్కువ. నీ దగ్గర ఎన్ని?" నేను తొందరపడి 5 అన్నాను. "ఎవరి దగ్గర ఎక్కువ, ముందు అది చెప్పు" అంది. 13 అని దిద్దుకున్నాను.

వంతుల గురించి చెబుతుంటే ఇంకో ప్రశ్న వేసింది. మూడో వంతులో ఉన్న వంతూ, ఆటలో "ఇప్పుడు నా వంతు" అనే వంతూ ఒకటేనా అని. ఏం చెప్పమంటారు?

మొదటి సభ్యుడు:

ఒకటేనని చెప్పండి. వస్తువును పంచితే ఎవరి భాగం వాళ్ళకు వంతు. ఆటను పంచుకున్నా అంతే, ఎవరి వంతు వాళ్ళకు వస్తుంది.