ఛాతీకి ఒక సైజు, నడుముకు మరో సైజు: దేనిని బట్టి ఎంచుకోవాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఆన్‌లైన్‌లో చొక్కాలు, ప్యాంట్లు కొనే ముందు ఒంటి కొలతలు తీసుకుని సైజుల పట్టికతో పోల్చి చూసుకుంటాను. నా ఛాతీ చుట్టుకొలత 96 సెంటీమీటర్లు, నడుము 88 సెంటీమీటర్లు. ఒక కంపెనీ పట్టిక ప్రకారం నా ఛాతీకి మీడియం, నడుముకు లార్జ్ సరిపోవాలి. మరో కంపెనీ పట్టికలో మీడియం ఎదురుగా ఛాతీ 106 సెంటీమీటర్లు అని ఉంది కాబట్టి, అక్కడ నాకు స్మాల్ తీసుకోవాలేమో అనిపిస్తోంది. పైగా నడుమును మళ్లీ కొలిచిన ప్రతిసారీ రెండు మూడు సెంటీమీటర్ల తేడా వస్తోంది. టేపును ఎక్కడ పెట్టాలి, ఎంత బిగువుగా పట్టాలి? రెండు సైజుల మధ్య పడినప్పుడు ఏ కొలతను నమ్మాలి? తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం 1

మీరు చూసిన రెండు పట్టికలూ ఒకే కొలతను చెప్పడం లేదని నాకు అనిపిస్తోంది. మొదటిది ఒంటి కొలత, అంటే ఆ చొక్కాను ఎంత ఛాతీ ఉన్నవారి కోసం కుట్టారో తెలిపే అంకె. రెండవది బహుశా కుట్టిన చొక్కా కొలత. చేయి ఎత్తాలన్నా, కూర్చోవాలన్నా, నిండుగా ఊపిరి పీల్చాలన్నా ఒంటికీ బట్టకూ మధ్య కొంత లూజు ఉండి తీరాలి. సాగని బట్టతో కుట్టిన మామూలు చొక్కాకు ఛాతీ చుట్టూ దాదాపు 10 సెంటీమీటర్ల లూజు ఉండడం సహజం. మీ 96కు ఆ 10 కలిపితే 106 అవుతుంది కనుక, రెండవ కంపెనీలోనూ మీకు మీడియమే సరిపోయే అవకాశం ఎక్కువ. అక్కడ స్మాల్ తీసుకుంటే గుండీల దగ్గర బట్ట లాగేస్తుంది.

అందుచేత అంకెలను పోల్చే ముందు, పట్టిక పైన బాడీ అని రాశారో, గార్మెంట్ అని రాశారో వెతకండి. ఏదీ రాయకపోతే విక్రేతను అడిగి తెలుసుకోవడమే మంచిది, ఎందుకంటే ఈ ఒక్క విషయం తేలకపోతే ఎంత శ్రద్ధగా కొలిచినా ఫలితం ఉండదు. ఒంటి కొలతలను ఎక్కడ, ఎలా తీసుకోవాలో చెప్పే ఐఎస్ఓ 8559 అనే అంతర్జాతీయ ప్రమాణం 1989 నుంచి ఉంది. అయితే స్మాల్, మీడియం, లార్జ్ అనే అక్షరాలకు ఏ హద్దులు పెట్టాలన్నది చాలావరకు ఆయా కంపెనీల నిర్ణయమే.

సమాధానం 2

నడుము కొలత మారిపోవడానికి ప్రధాన కారణం టేపు ప్రతిసారీ ఒకే చోట పడకపోవడం. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ నడుమ ఉన్న చోటే కొలవవలసిన నడుము. ఒక పక్కకు కొద్దిగా వంగితే ఒంటి మీద మడత పడే చోటు దాదాపు అదే. అక్కడ ఒక సన్నని రిబ్బను కట్టుకుని, దాని వెంటే టేపు పెడితే తేడా చాలావరకు పోతుంది. పొట్ట లోపలికి లాక్కోకుండా, మామూలుగా ఊపిరి వదిలిన తరువాత అంకె చూడాలి. భోజనం చేసిన వెంటనే తీసిన కొలత, పరగడుపున తీసిన కొలత ఒకటి కావు కనుక, ఎప్పుడు కొలిచినా ఒకే వేళకు కొలవడం మేలు.

ఛాతీకి టేపును చంకల కిందుగా, ఛాతీ అత్యంత నిండుగా ఉన్న భాగం మీదుగా చుట్టాలి. వీపు వైపు టేపు కిందికి జారడం చాలా తరచుగా జరుగుతుంది. ఒంటరిగా కొలిచేవారు అద్దానికి పక్కగా నిలబడి, టేపు నేలకు సమాంతరంగా ఉందో లేదో చూసుకోవాలి. టేపు ఒంటిని తాకుతూ ఉండాలి గాని చర్మం నొక్కుకుపోకూడదు. భుజాన్ని మాత్రం మరొకరి చేత కొలిపించండి. ఒక భుజపు ఎముక కొన నుంచి రెండవ కొన వరకు వీపు మీదుగా తీయవలసిన ఆ కొలతను ఎవరికి వారు సరిగా తీసుకోలేరు. రెడీమేడ్ చొక్కాలో నడుము దగ్గర ఎక్కువైన బట్టను దర్జీ సులువుగా తగ్గించగలరు గాని, భుజాన్ని సరిచేయడానికి చేతులు విప్పి మళ్లీ కుట్టాలి. కాబట్టి చొక్కాకు ఛాతీ, భుజం సరిపోయే సైజునే ఎంచుకోవాలి. అయితే పట్టికలో నడుము కొలత కూడా ఉండి, ఆ సైజు నడుము దగ్గర బిగుతవుతుందని తేలితే మాత్రం, పెద్ద సైజు తీసుకుని మిగిలిన చోట తగ్గించుకోవచ్చు.

బట్ట టేపు ఏళ్ల తరబడి వాడితే సాగిపోతుంది. ఉక్కు స్కేలు పక్కన పెట్టి ఒకసారి సరిచూసుకోండి.

సమాధానం 3

పై సమాధానాలతో ఏకీభవిస్తూనే, ఒంటిని కొలవడం కన్నా నమ్మదగిన పద్ధతి మరొకటి ఉందని నా అభిప్రాయం. మీకు చక్కగా అమరిన పాత చొక్కా ఒకటి తీసుకుని, గుండీలన్నీ పెట్టి, బల్ల మీద ముడతలు లేకుండా పరిచి, ఒక చంక కుట్టు నుంచి మరో చంక కుట్టు వరకు కొలవండి. 53 సెంటీమీటర్లు వస్తే చుట్టుకొలత 106 అన్నమాట. మీకు ఎంత లూజు నచ్చుతుందో ఏ పట్టికా చెప్పలేదు గాని, ఆ చొక్కా చెబుతుంది. అయితే బట్ట కూడా అదే రకానిది కావాలి. సాగే బట్టతో కుట్టిన దుస్తులు కొన్నిసార్లు ఒంటి కొలత కన్నా తక్కువగానే ఉంటాయి, అయినా ఒంటికి పట్టి చక్కగా కూర్చుంటాయి.

ఆడవారి దుస్తుల విషయంలో 8, 10, 12 వంటి అంకెలను అస్సలు నమ్మవద్దని కూడా చెప్పదలిచాను. అమెరికాలో 1958లో ఆడవారి సైజులకు ఒక వాణిజ్య ప్రమాణం వచ్చింది గాని, 1983లో దానిని ఉపసంహరించుకున్నారు. ఆ తరువాత ఎవరి అంకెలు వారివే. కొనేవారికి చిన్న సైజు పట్టిందన్న సంతోషం కలగాలని, లేబులు మీద అంకె మార్చకుండానే బట్టను పెద్దది చేసిన కంపెనీలు ఉన్నాయి. లేబులు అంకెను చూసి ఒంటి గురించి బాధపడవలసిన పని ఎవరికీ లేదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. రెండవ పట్టికను మళ్లీ చూస్తే, అవి కుట్టిన దుస్తుల కొలతలని కింద చిన్న అక్షరాలతో రాసి ఉంది. మరి ప్యాంటుకు కూడా నడుము కొలతనే చూసుకోవాలా?

సమాధానం 2 రాసినవారు

ప్యాంటును మీరు ఎక్కడ కట్టుకుంటారన్న దానిని బట్టి ఉంటుంది. చాలా ప్యాంట్ల పట్టీ అసలు నడుము కన్నా కొన్ని సెంటీమీటర్లు దిగువన కూర్చుంటుంది, అక్కడి చుట్టుకొలత వేరు. కాబట్టి పట్టీ ఉండే చోటే టేపు చుట్టి కొలవండి. అంగుళాల్లో చూసేటప్పుడు 2.54తో భాగించండి: 88 సెంటీమీటర్లు 34.6 అంగుళాలు అవుతుంది. సీటు భాగాన్ని పాదాలు దగ్గరగా పెట్టి నిలబడి, అత్యంత నిండుగా ఉన్న చోట కొలవాలి. నడుముకూ సీటుకూ వేర్వేరు సైజులు వస్తే సీటుకు సరిపోయేదే తీసుకోండి. నడుము దగ్గర పట్టీని బిగించడం తేలిక, సీటు దగ్గర వదులు చేయడానికి లోపల మిగులు బట్ట ఉండకపోవచ్చు. పొడవుకు, తొడల మధ్య కుట్లు కలిసే చోటు నుంచి కింది అంచు వరకు పాత ప్యాంటునే కొలవండి. నూలు ప్యాంటు అయితే, ముందుగా కుదించిన బట్ట అని లేబులు మీద ఉందో లేదో చూడండి. లేకపోతే 3 శాతం కుదింపు వచ్చినా 75 సెంటీమీటర్ల పొడవులో 2 సెంటీమీటర్లకు పైగా పోతుంది కనుక, మొదటి ఉతుకు అయ్యేవరకు కింది అంచు కత్తిరించవద్దు.